పడి మొలిచిన బెండ

పొద్దున్న ఆరింటికి రాయపూర్‌లోని మోవా సందులో నల్లా వస్తుంది. దాలమ్మ రెండు బకెట్లు నింపుకుని, ఒకటి వంటకి లోపల పెట్టి, రెండోది పెరట్లోకి మోసుకెళ్లి బట్టలుతికే బండ మీద కూర్చుంటుంది. పళ్లు తోముకునేది అక్కడే, పక్కింటి కేజాబాయితో గోడ మీదుగా ఆ రోజు మొదటి మాట మాట్లాడేదీ అక్కడే. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. మొగుడు రామయ్య సైకిలెక్కి ఉర్లాలోని రోలింగ్ మిల్లుకి మొదటి షిఫ్టుకి వెళ్లే రోజుల్లోనూ ఇంతే, పోయిన భాద్రపదంలో అతను కన్నుమూశాక కూడా ఇంతే.

ఆ పెరడు రామయ్యది. మనిషికి వరసంటే ప్రాణం. తాడు కట్టి, గీత గీసి, పాకెట్టు విత్తనాలు గింజకీ గింజకీ జానెడు ఎడం పెట్టి నాటేవాడు. మొక్క గీత దాటితే తనని ఎవరో తిట్టినట్టు చూసేవాడు. అతను మంచాన పడ్డ పదిహేను రోజులూ, తర్వాత ఇంట్లో మైల ఉన్నన్ని రోజులూ పెరట్లో ఎవరూ అడుగుపెట్టలేదు. కోసేవాళ్లు లేక బెండకాయలు ముదిరాయి, ఎండాయి, పగిలాయి. గింజలు వాటి ఇష్టమొచ్చిన చోట పడ్డాయి. దాలమ్మ చూసింది గానీ వంగి ఏరలేదు. ఏరడానికి ఒంట్లో ఓపిక లేదు, మనసులో అంతకన్నా లేదు.

జూన్‌లో తొలి వాన పడ్డ నాలుగో రోజున అవన్నీ మొలిచాయి. నడిచే దారిలో మూడు, తులసికోట మొదట్లో రెండు, బండ పక్క బురదలో ఓ గుంపు, తక్కినవి ఎక్కడ పడితే అక్కడ. రామయ్య ఉంటే వీటికి గట్టిగా చీవాట్లు పడేవి అనుకుంది దాలమ్మ. అతని తాడు వెతికి తెచ్చి గీత గీసింది. బొరిగతో ఒక్కొక్క మొలకనీ మట్టితో సహా లేపి వరసలో నాటింది. బెండకి తల్లివేరు నిలువుగా దిగుతుందనీ, కదిపితే బతకదనీ ఆవిడకి తెలుసు. తెలిసే చేసింది. మొగుడి మీద బెంగ అలాంటిది.

మర్నాడు పొద్దున్న బకెట్టుతో వచ్చేసరికి వరస ఖాళీగా ఉంది. దారిలో మూడు, తులసికోట మొదట్లో రెండు, బండ పక్కన గుంపు. అన్నీ ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి, ఒక్క ఆకు కూడా వాడలేదు.

"తిరిగొచ్చేశాయా దీదీ?" అంది కేజాబాయి గోడ మీంచి.

"ఆఁ, వచ్చేశాయి."

"పడి మొలిచిన రమ్‌కెలియా కదా మరి. మా బాడీలో కూడా అంతే చేసేవి." బెండని ఆ ఊరివాళ్లు రమ్‌కెలియా అంటారు, పెరటి తోటని బాడీ అంటారు. ఆ మాట అనేసి కేజాబాయి పొయ్యి మీద టీ మరుగుతోందని లోపలికి వెళ్లిపోయింది.

అంత తెలిసీ కేజాబాయే ఆశ పడింది. నాలుగు రోజులయ్యాక ఒక మొక్క అడిగి పట్టుకెళ్లి, పాత పెయింటు డబ్బాలో నాటుకుంది. తెల్లారేసరికి గోడ దగ్గరికి వచ్చి ఫిర్యాదు మొదలుపెట్టింది. "వెళ్తే వెళ్లింది, దీదీ. గేటు తీసి వదిలేసింది! మా గేటు వదిలేసింది, మీ గేటూ వదిలేసింది. కనీసం గొళ్లెం పెట్టాలన్న బుద్ధి ఉండొద్దూ?"

తీసి ఉన్న ఆ గేటులోంచి అప్పటికే పాలవాడు పరదేశి ఆవు లోపలికొచ్చి, బండ పక్క గుంపులో సగం ఆకు నమిలేసింది. దాలమ్మ చెంబు విసిరి తరిమింది. ఆ వారమే పరదేశి, పాలు తగ్గాయని ఆ ఆవుని అభన్‌పూర్‌లో ఎవరికో అమ్మేశాడు. మర్నాడు పొద్దున్నకల్లా ఆవు దాలమ్మ గేటు ముందు నిలబడి ఉంది. కొన్నవాళ్లు వచ్చి లారీలో ఎక్కించుకుపోయారు. మళ్లీ తెల్లారేసరికి వచ్చింది. ఈసారి వాళ్లు లారీ తేలేదు, మీ ఆవుని మీరే ఉంచుకోమని ఫోను చేశారు.

"అప్పా, నీ బెండాకు తిన్నాదని ముందే సెప్పొద్దా?" అని పరదేశి తల పట్టుకున్నాడు. అతనూ తెలుగువాడే, అక్కని అప్పా అంటాడు. "ఇంక దీన్ని ఎవులు కొంతారు?"

"గేటు తీసింది నాను కాదు, మొక్క. దాన్నే అడుగు" అంది దాలమ్మ.

ఆ రోజు నవ్వింది గానీ, ఆ మర్నాటి నుంచి ఆవిడ మనసు మనసులో లేదు. ఆకు నమిలిన ఆవే తిరిగొచ్చింది, ఈ పెరటి బెండకాయలు రామయ్య ముప్పై ఏళ్లు తిన్నాడు కదా. నాలుగు రోజుల పాటు పెరటి తలుపు గడియ వెయ్యలేదు. పొద్దున్నే రెండు గ్లాసుల టీ పెట్టి, రెండో గ్లాసు బండ మీద ఉంచింది. నాలుగు రోజులూ ఆ టీ చల్లారి మీగడ కట్టింది. అయిదో రోజున ఆవిడకి తెలిసొచ్చింది. రామయ్య తిన్నవి పాకెట్టు విత్తనాలు. చేత్తో నాటినవి, గీత మీద మొలిచినవి. అలాంటివి పొమ్మంటే పోతాయి, తిరిగి రావు. దాలమ్మ బండ మీద కూలబడి, కేజాబాయి గోడ దాటి వచ్చేంత గట్టిగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం కడుక్కుని, రామయ్య తాడుని చుట్ట చుట్టి అటక మీద పడేసింది. ఇక నుంచి ఈ పెరట్లో గీత గీసేది లేదని కేజాబాయితో చెప్పింది.

శ్రావణం వచ్చేసరికి మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి. రోజూ పసుప్పచ్చ పువ్వులు, రెండు రోజులకోసారి పళ్లెం నిండా కాయలు. దాలమ్మ ఒక పూట వేపుడు, ఒక పూట పులుసు చేసుకుని కడుపారా తింటున్న రోజుల్లో మరిది రఘు దిగాడు.

రఘుకి పార్వతీపురం దగ్గర సొంత ఊళ్లో ఎరువుల కొట్టుంది. మోవా ఇల్లు కట్టింది వాళ్ల నాన్న అచ్చయ్య. కాగితాల్లో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. రామయ్యకి పిల్లల్లేరు. రఘు లెక్క తేలికగానే తేల్చుకున్నాడు. ఇల్లు అమ్మెయ్యాలి, వదినని ఊరికి తీసుకుపోవాలి. కొనడానికి రాయపూర్ సేఠ్ ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. కావలసిందల్లా కాగితం మీద దాలమ్మ సంతకం, ఖాళీ ఇల్లు.

"ఒక్కదానివి ఇక్కడేటి సేత్తావు వదినా? మన ఊరెల్లిపోదాం. ఎనక గదికి సున్నం కూడా ఏయించీసినాను" అన్నాడు.

"మన ఊరేటి, మీ ఊరు. నాను ఇక్కడ రైల్వే క్వార్టర్లలో పుట్టినదాన్ని."

"పరాయి రాష్ట్రం. రేపు ఒంట్లో బాగోపోతే సూసినోలెవులు?"

"కేజాబాయి సూత్తాది. మీ అన్న మంచాన పడితే నువ్వు సూసినదానికంటే బాగానే సూత్తాది."

రఘు దగ్గి కాగితం తీశాడు. దాలమ్మ దాని వైపు చూడకుండా పెట్టనంది. మధ్యాహ్నం మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టనంది. సాయంత్రం మూడోసారి తీస్తే, ఆ కాగితం మీద బియ్యం చెరిగిన నూక పోసి పెట్టింది.

మన ఊరు, పరాయి రాష్ట్రం అన్న ఆ మాటలే ఆవిడకి మండే సంగతి. సందు చివర కిరాణా కొట్టువాడి దగ్గర్నుంచి ఆసుపత్రిలో చీటీ రాసేవాడి దాకా, ముప్పై ఏళ్లుగా అందరూ అడిగేది ఒకటే, మీది అసలు ఏ ఊరని. ఆవిడ ప్రతిసారీ అత్తవారి ఊరి పేరు చెప్పేది. బతుకు మొత్తంలో నాలుగుసార్లు చూసిన ఊరు! అక్కడికి వెళ్తే వాళ్లేమో రాయపూర్ కోడలు వచ్చిందనేవారు. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

సంతకంతో పని జరగదని రఘు దారి మార్చాడు. రామయ్య సంవత్సరీకం దగ్గరపడింది. "పిండం పెట్టవలసినోన్ని నేను. నా కొట్టు, మన బంధువులు అంతా అక్కడే. అన్నయ్య సంవత్సరీకానికి కూడా రావా?" అన్నాడు.

మొగుడి సంవత్సరీకానికి రానని ఏ ఆడది అంటుంది? దాలమ్మ వస్తానంది.

ఆ సాయంత్రం కేజాబాయి గోడ దగ్గర గుసగుసగా చెప్పింది. "మీ దేవర్ రఘు గేటు దగ్గర ఫోనులో మాట్లాడాడు, దీదీ. బుధవారం పొద్దున్న వచ్చి తాళం వేసుకోమన్నాడు సేఠ్‌ని. టిక్కెట్లు కూడా పోవడానికే తీశాడంట. రావడానికి లేవు."

"తియ్యకపోతే పోయె. పైసలు మిగిలాయి" అంది దాలమ్మ.

ప్రయాణం నాటి పొద్దున్న ఆవిడ పెరడంతా తిరిగి లేత కాయలన్నీ కోసింది. ఒక్కొక్కదాని తోక విరిచి చూసింది, అన్నీ టప్పున విరిగాయి. చింతపండు, కాస్త బెల్లం వేసి పెద్ద గిన్నెతో పులుసు పెట్టింది. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే రఘు స్నానం చేసి వచ్చి కంచం ముందేసుకుని కూర్చున్నాడు.

"నీకిది పెట్టను" అంది దాలమ్మ.

"ఏటీ?"

"ఈ పులుసు నీకు పెట్టను. పచ్చడుంది, పెరుగుంది. కావాలంటే గుడ్డు ఏపుతాను."

ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ కూర లేదనని మనిషి. రఘు మొహం మాడిపోయింది. "గిన్నెడు పులుసుంచుకుని మరిదికి పెట్టవా? ఇంత మాట అన్నావని ఊల్లో సెప్తాను వదినా."

"సెప్పుకో" అని దాలమ్మ అతని ఎదురుగానే మూడు మార్లు కలుపుకుని తిని, గిన్నె అడుగు కూడా తుడిచింది.

ఊళ్లో కార్యం బాగానే జరిగింది. పిండం పెట్టేటప్పుడు దాలమ్మ రామయ్యని తలుచుకుని కళ్లు తుడుచుకుంది. మంగళవారం భోజనాలయ్యాక రఘు, వెనక గది చూపించి, పెట్టెలో బట్టలు తీసి సర్దుకోమన్నాడు. తిరుగు టిక్కెట్టు తియ్యలేదని అప్పుడు చెప్పాడు. అతని భార్య నళిని తలుపు దగ్గర తల దించుకుని నిలబడింది.

"తియ్యమని నానడిగానా?" అంది దాలమ్మ. పెట్టె తెరవకుండానే చాప పరుచుకుని పడుకుంది.

బుధవారం పొద్దున్న ఆరింటికి మోవా సందులో నల్లా వచ్చింది. కేజాబాయి గోడ దగ్గరికి వచ్చేసరికి దాలమ్మ బండ మీద కూర్చుని పళ్లు తోముకుంటోంది. మోకాళ్ల దాకా మట్టి. పాదాల దగ్గర రాయపూర్ నల్లమట్టి, దాని పైన ఒడిశా ఎర్రమట్టి, ఇంకా పైన పార్వతీపురం ఇసక.

"వచ్చేశావా దీదీ?"

"ఆఁ, వచ్చేశాను."

"గేటు తీసి వదిలేశావు."

"అయ్యో, మరిచిపోయినాను" అని దాలమ్మ లేచి వెళ్లి గొళ్లెం పెట్టి వచ్చింది. కొంగు ముడిలోని తాళంచెవితో ఇల్లు తెరిచి, టీ పెట్టుకుంది.

తొమ్మిదింటికి సేఠ్ కొత్త తాళం పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న ఆవిడని చూసి ఆగాడు.

"మాఁజీ, మీరు ఊరెళ్లిపోయారని చెప్పారే?"

"వెళ్లాను. వచ్చాను."

సేఠ్ పాతకాలపు మనిషి, రాయపూర్‌లో ఇళ్లు కొని అమ్మడంలో తల నెరిసినవాడు. ఆవిడ కాళ్ల మట్టి చూశాడు. గుమ్మంలోంచి వెనక పెరట్లోకి చూశాడు. దారికి అడ్డంగా, వరస లేకుండా పెరిగిన బెండమొక్కల్ని చూసి గొంతు తగ్గించాడు.

"పడి మొలిచినవా?"

"ఆఁ."

"మీరు తింటున్నారా?"

"రెండు నెలలై."

సేఠ్ తాళాన్ని జేబులో వేసుకున్నాడు. "మా మామ ఒకసారి ఇలాంటి ఇల్లే కొన్నాడు మాఁజీ. అమ్మినాయన పెరట్లో పడి మొలిచిన బొప్పాయి తిన్నాడని ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లపాటు మా మామ రోజూ పొద్దున్నే ఆ ముసలాయనకి వరండాలో టీ ఇచ్చాడు. నాకీ ఝంఝట్ వద్దు." దాలమ్మ టీ తాగి వెళ్లమంటే, నీళ్లు కూడా వద్దని దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే దాలమ్మ కేజాబాయిని వెంటపెట్టుకుని కోర్టు కచేరీకి వెళ్లి, చెట్టు కింద టైపు కొట్టే ఆయన చేత ఒక కాగితం రాయించుకుంది. దాన్ని తెచ్చి దేవుడి పటం వెనక పెట్టింది.

మర్నాడు రఘు దిగాడు. పొద్దున్నే వదిన చాప ఖాళీగా ఉందని నళిని కేకలు పెట్టడం, సేఠ్ ఫోనులో బేరం వదులుకోవడం, రైల్లో కూర్చోడానికి చోటు లేకపోవడం, అన్నీ కలిసి అతని నెత్తికెక్కాయి. వదినని ఏమీ అనలేక నేరుగా పెరట్లోకి పోయి మొక్కల మీద పడ్డాడు. తులసికోట దగ్గరివి పీకాడు, దారిలోవి పీకాడు, బండ పక్క గుంపుని రెండు చేతులా పట్టి లాగాడు. పీకినవన్నీ గోడ వారగా కుప్ప పోశాడు. బెండ నూగు గుచ్చుకుని చేతులు మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు తేలాయి.

దాలమ్మ బండ మీద కూర్చుని చూసింది. "పీకు మరిదీ, పీకు. ఆ మూల ఇంకోటుంది, అదీ పీకు" అంది. అతను పీకినకొద్దీ, కుప్పలోంచి కాయలు తెంపి, తోకలు విరిచి పళ్లెంలో వేసుకుంది. తర్వాత లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

గంట తర్వాత రఘు కొబ్బరినూనె రాసుకుని, చేతులు గోక్కుంటూ వచ్చి కూలబడ్డాడు. ముందు రోజు నుంచి కడుపులో ఏమీ పడలేదు. దాలమ్మ కంచం పెట్టి వేడన్నం వడ్డించింది. దాని మీద గరిటెడు బెండకాయ పులుసు పోసింది. ఆకలి మీద ఉన్నవాడు కలిపాడు, ముద్ద చేశాడు, నోటి దాకా తెచ్చాడు.

గేటు దగ్గర పరదేశి ఆవు అంబా అంది.

రఘు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవు సంగతి అతనికి పరదేశి మొన్న వచ్చినప్పుడే చెప్పాడు. అప్పుడు నవ్వాడు. ఇప్పుడు ముద్ద వైపు చూశాడు, వదిన వైపు చూశాడు.

"వదినా... ఇది..."

"తిను మరిదీ. మొన్న పెట్టలేదని కోపమొచ్చింది కదా. ఇయాల కావలసినంత తిను." ఆవిడ ఇంకో గరిటె ముంచింది. "రోజూ తెల్లారేసరికి ఇక్కడే ఉంటావు. కొట్టు నళిని సూసుకుంతాది. నాకు నీల్లు మోసీ మనిషి కావాలి ఎలాగూ. ఒక్కదాన్నీ ఉండలేనన్నావు కదా, ఇద్దరం ఉందాం."

"వద్దు వదినా."

"అన్నం ముందర కూకున్నాక వద్దనకూడదు."

ఎరువుల కొట్టు, నళిని, సొంత ఊరి అరుగు, అన్నీ రఘు కళ్ల ముందు తిరిగాయి. తన చోటు తనకి కాకుండా పోతే ఎలా ఉంటుందో అతనికి ఆ ముద్ద పట్టుకున్నప్పుడే అర్థమైంది. "నన్ను ఒగ్గీ. నా ఊరు నాకు కావాలి" అన్నాడు, దాదాపు ఏడుస్తూ.

దాలమ్మ గరిటె కింద పెట్టింది. దేవుడి పటం వెనక నుంచి కాగితం తీసి అతని పక్కన పరిచింది. ఈ ఇంట్లో తన వాటా వదినకి వదిలేస్తున్నానని అందులో ఉంది.

"నా ఊరు నాకూ కావాలి. సంతకమా, ముద్దా?"

రఘు ముద్ద కంచంలో జారవిడిచి, ఎంగిలి చెయ్యి పంచెకి తుడుచుకుని సంతకం పెట్టాడు. ఆవిడ దాన్ని పైకెత్తి చదువుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. ఆ కంచం తీసేసి, వేరే కంచం కడిగి తెచ్చింది. మూత తీస్తే రెండో గిన్నెలో దొండకాయ వేపుడుంది. ఆవిడ అది కూడా ముందే చేసి పెట్టింది.

"సంత దొండకాయ. భయం నేదు, తిను" అంది. రఘు తలెత్తకుండా రెండు మార్లు పెట్టించుకుని తిన్నాడు. వెళ్లేటప్పుడు గొళ్లెం జాగ్రత్తగా పెట్టి మరీ వెళ్లాడు.

తర్వాతి వారం రఘు మళ్లీ వచ్చి కచేరీలో ఆ కాగితాన్ని పక్కా చేసి ఇచ్చాడు. ఆ పూట రాయపూర్‌లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. పీకిన మొక్కలు అతను వాటిని పీకిన మర్నాడే ఎక్కడివక్కడ నిలబడ్డాయి, పువ్వులతో సహా.

కార్తీకంలో కాత తగ్గింది. ప్రతి మొక్కకీ పైనున్న రెండేసి కాయల్ని దాలమ్మ కొయ్యకుండా వదిలేసింది. ఈసారి మరిచిపోయి కాదు, కావాలనే. అవి ముదిరి, ఎండి, మధ్యాహ్నపు ఎండలో చిటపటమని పగులుతుంటే ఆవిడ బండ మీద కూర్చుని వినేది. గింజలు ఎటు దొర్లితే అటు దొర్లనిచ్చింది.

మళ్లీ జూన్‌లో వాన పడింది. మొలకలు ఈసారి ఇంటి ముందుకి కూడా వచ్చాయి, ఒకటి సరిగ్గా గేటుకీ గుమ్మానికీ మధ్య. అదే వారం, ఏదో సర్వే అని ఒకతను కాగితాల కట్టతో వచ్చాడు. పేరు రాసుకున్నాడు, వయసు రాసుకున్నాడు. ఆవిడ మాట తీరు విని, అందరూ అడిగినట్టే హిందీలో అడిగాడు, అమ్మా, మీది అసలు ఏ ఊరు అని.

"కాలు చూసి పెట్టు బాబూ, మొక్కుంది" అంది దాలమ్మ. అతను గబుక్కున పక్కకి జరిగాక చెప్పింది. "అసలు ఊరు ఇదే. రాసుకో."